భాగ్యరెడ్డివర్మ

భాగ్యరెడ్డివర్మ (మే 22, 1888 - ఫిబ్రవరి 18, 1939) హైదరాబాదు సంస్థానంలో దళితోద్యమానికి పునాది వేసిన సంఘ సంస్కర్త. అంటరానివారిని ఆది హిందువులుగా గుర్తించాలని ఉద్యమించాడు. మద్యమాంసాల విసర్జనను ఆత్మగౌరవ ఉద్యమంలో భాగం చేసినవారిలో ఈయన ముఖ్యుడు.

బాల్యం

భాగ్యరెడ్డివర్మ హైదరాబాదులో మాదరి వెంకయ్య, రంగమాంబ దంపతులకు జన్మించాడు. అసలు పేరు భాగయ్య. కుటుంబ గురువు ఆ పేరును భాగ్యరెడ్డిగా మార్చగా, 1913లో ఆర్యసమాజం వారు వర్మ అనే బిరుదునిచ్చారు.

ఆహార సంస్కరణ

1906లో జగన్మిత్ర మండలిని స్థాపించి, హరికథల ద్వారా దళితవాడలలో చైతన్యం కలిగించాడు. 1911లో ఇది మన్యసంఘంగా మారింది. బాల్యవివాహాలు, జోగిని, దేవదాసీ దురాచారాలతో పాటు శుభకార్యాలలో మద్యమాంసాల వాడకాన్ని కూడా ఈ సంఘం వ్యతిరేకించింది. జంతుబలులను మాన్పించి శాకాహారాన్ని బోధించే జీవరక్షా జ్ఞాన ప్రచారక మండలిలోనూ ఈయన పనిచేశాడు.

చచ్చిన పశువుల మాంసం తినడం, మద్యం సేవించడం కారణాలుగా చూపి అగ్రవర్ణాలవారు అంటరానితనాన్ని సమర్థించుకునేవారు. ఈ అలవాట్లను మాన్పిస్తే ఆరోగ్యం, సంపాదన నిలవడమే కాక ఆ సాకు కూడా తొలగిపోతుందని ఆనాటి సంస్కర్తలు భావించారు. ఈ విధంగా ఏమి తినాలన్న ప్రశ్న సంఘంలో స్థానం ఏమిటన్న ప్రశ్నతో ముడిపడింది.

ఆది హిందూ ఉద్యమం

1917లో విజయవాడలో జరిగిన పంచమ మహాజన సభకు భాగ్యరెడ్డివర్మ అధ్యక్షత వహించాడు. పంచములు అనే పేరును నిరసించి, తమవారే ఈ దేశపు మూలవాసులని వాదించాడు. ఆ సభ ఆది ఆంధ్ర మహాజన సభగా మారింది. మన్యసంఘం కూడా తరువాత ఆది హిందూ సంఘంగా రూపొందింది. 1931 జనాభా లెక్కలలో నిజాం ప్రభుత్వం వీరిని ఆది హిందువులుగా నమోదు చేసింది. మూలవాసులమనే ఈ వాదానికి ఆహార నియమాలతో సంబంధం లేదు. శాకాహారి అయినా మాంసాహారి అయినా హక్కు ఒక్కటే. ఆహార శుద్ధి బోధన, మూలవాసి హక్కు అనే రెండు భావాలూ ఈయన ఉద్యమంలో పక్కపక్కనే నడిచాయి.

ప్రభావం

తరువాతి తరాలలో ఈ రెండవ భావమే బలపడింది. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో దళిత విద్యార్థి సంఘాలు పెద్దకూర పండుగ జరిపి, ఆ ఆహారం తమ సంస్కృతిలో భాగమని ప్రకటించాయి. వ్యతిరేకించిన విద్యార్థి వర్గాలతో ఘర్షణలు కూడా జరిగాయి. భాగ్యరెడ్డివర్మ కాలంలో మాంసాన్ని విడిచిపెట్టడం ఆత్మగౌరవానికి గుర్తు కాగా, శతాబ్దం తరువాత అదే నగరంలో దానిని బహిరంగంగా తినడం ఆత్మగౌరవానికి గుర్తు అయింది.