వెండెల్ ఫిలిప్స్ జీవితం: ఒమన్ ప్రదర్శనశాలలు మనకు నేర్పే పాఠం

తాతముత్తాతల వస్తువులను ఒకచోట చేర్చి చిన్న ప్రదర్శనశాలగా తీర్చాలన్న కోరిక తోటల సంతతివారి మధ్య నేడు తరచుగా వినవస్తున్నది. ఇత్తడి చెంబు, ఒప్పందపు కాగితం, చెరకు కత్తి, భజన తాళాలు, చిరిగిన రామాయణం వంటివి ఇళ్ళ అటకలమీద, ఆలయాల పెట్టెలలో ఇంకా మిగిలి ఉన్నాయి. వీటిని ఏ వరుసలో ఉంచాలి? పక్కన ఏమి వ్రాయాలి? చూడవచ్చినవారికి ఏ కథ చెప్పాలి? ఈ ప్రశ్నలకు సలహా చెప్పడమే వృత్తిగా గలవారు లోకంలో ఉన్నారు. ప్రదర్శనశాలకు ప్రణాళిక వేయడం, వస్తువుల అర్థాన్ని విప్పి చెప్పడం, గదులను తీర్చిదిద్దడం అనే మూడు పనులూ వారివే.

అయితే ఆ పని గోడలు కట్టిన తరువాత మొదలయ్యేది కాదు. వస్తువు మట్టిలోనుండి పైకి వచ్చిన నాడే మొదలవుతుంది. ఈ సత్యాన్ని తెలుసుకోవడానికి ఒమన్ దేశంలో త్రవ్వకాలు జరిపించిన అమెరికా దేశస్థుడు వెండెల్ ఫిలిప్స్ జీవితం తగిన ఉదాహరణ. ఆయన సాధించినవి మనకు ఎంత నేర్పుతాయో, ఆయన తొందరపాటు కూడా అంతే నేర్పుతుంది.

బాల్యము, విద్య

వెండెల్ ఫిలిప్స్ 1921లో కాలిఫోర్నియా రాష్ట్రంలోని ఓక్లండ్ నగరంలో జన్మించారు. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో శిలాజ శాస్త్రం, అనగా రాయిగా మారిన ప్రాచీన జీవుల అవశేషాలను గూర్చిన శాస్త్రం చదివి, 1943లో పట్టభద్రులయ్యారు. అది రెండవ ప్రపంచ యుద్ధ కాలం. ఆయన వర్తక నౌకలలో పనిచేశారు. ఆ రోజులలోనే పోలియో సోకింది. ఆ కష్టం ఆయన పట్టుదలను తగ్గించలేదు.

యుద్ధం ముగిసిన తరువాత, ఇంకా ముప్పై ఏళ్ళు నిండకముందే, తన విశ్వవిద్యాలయం పేరుమీద ఆఫ్రికా ఖండానికి ఒక పెద్ద పరిశోధక బృందాన్ని నడిపించారు. ఈజిప్టులోని సినాయి కొండ దగ్గర సెయింట్ కాథరిన్ మఠం ఉన్నది. అక్కడి ప్రాచీన వ్రాతప్రతులను సూక్ష్మచిత్రాలుగా తీయించే మహాకార్యంలోనూ ఆయన ముందు నిలిచారు. మఠం గ్రంథాలు మఠంలోనే ఉండగా, వాటి ప్రతిబింబాలు ప్రపంచ పండితులకు అందాయి. వస్తువును కదల్చకుండా దాని జ్ఞానాన్ని పంచిన ఆ పని ఆయన జీవితంలో మెచ్చదగిన ఘట్టం.

మాటకారితనం ఆయనకు పుట్టుకతో వచ్చిన ధనం. ధనికులను, నౌకాదళాధికారులను, కంపెనీ యజమానులను కలిసి, తన యాత్రలకు కావలసిన ధనమూ వాహనాలూ సమకూర్చుకునేవారు. 1949లో తన త్రవ్వకాల కోసం ఒక ప్రత్యేక సంస్థను కూడా స్థాపించారు.

దక్షిణ అరేబియాలో

1950లో ఆయన బృందం నేటి యెమెన్ దేశంలోని బైహాన్ లోయకు చేరింది. ఒకప్పుడు కతబాన్ రాజ్యానికి రాజధాని అయిన తిమ్నా నగరం అక్కడ ఇసుకలో కప్పబడి ఉన్నది. బృందంలో విలియం ఆల్‌బ్రైట్ వంటి గొప్ప పురాతత్త్వవేత్తలు ఉన్నారు. వారు హజర్ బిన్ హుమైద్ అనే దిబ్బను పొరపొరగా కోసి, ఏ పొరలో ఏ కుండ దొరికిందో వ్రాసుకున్నారు. పై పొర కొత్తది, కింది పొర పాతది. ఆ క్రమమే ఆ దేశ చరిత్రకు కాలసూచి అయింది.

తిమ్నాలో సింహాలపై బాలురు స్వారీ చేస్తున్న కంచు విగ్రహాలు రెండు బయటపడ్డాయి. అవి పత్రికలలో ప్రసిద్ధి పొందాయి. కుండపెంకుల లెక్క మాత్రం పండితుల పుస్తకాలకే పరిమితమైంది. ఒకే త్రవ్వకంలో లభించిన ఈ రెండింటికీ లోకం ఇచ్చిన విలువలో ఇంత భేదం ఉన్నది.

తరువాత ఆయన మారిబ్ చేరుకున్నారు. షేబా రాణి పేరుతో ప్రజలు పిలుచుకునే మహాదేవాలయం అక్కడ ఉన్నది. త్రవ్వకం జోరుగా సాగుతుండగా స్థానిక అధికారులతో వివాదం పెరిగింది. 1952 ఫిబ్రవరిలో బృందమంతా పరికరాలనూ దొరికిన వస్తువులనూ అక్కడే వదలి, ఎడారి దారిన తప్పించుకొని వెళ్ళవలసి వచ్చింది.

ఒమన్ సుల్తాను ఆదరణ

మారిబ్ నుండి ఉత్త చేతులతో వచ్చిన ఫిలిప్స్‌కు ఒమన్ ద్వారాలు తెరచింది సుల్తాన్ సయీద్ బిన్ తైమూర్. ఆయన 1932 నుండి 1970 వరకు ఆ దేశాన్ని పాలించారు. దేశపు దక్షిణ భాగమైన ధోఫార్‌లో త్రవ్వకాలకు అనుమతి ఇచ్చారు. ఫిలిప్స్‌కు పురావస్తు వ్యవహారాలలో అధికార హోదాను, ధోఫార్‌లో చమురు అన్వేషణ హక్కును కూడా ప్రసాదించారు. ఆ హక్కును ఆయన చమురు కంపెనీలకు అప్పగించి, క్రమంగా సంపన్నులయ్యారు. చరిత్రను వెదకడానికి వచ్చిన మనిషి చేతికే నేలలోని నూనె కూడా దక్కింది. ఈ రెండు పాత్రలూ ఒక్క మనిషిలో కలవడం ఆనాటి వలస కాలపు లక్షణం.

1952, 1953 సంవత్సరాలలో ఆయన బృందం ధోఫార్‌లో రెండు చోట్ల ముఖ్యంగా త్రవ్వింది. ఒకటి సలాలా పట్టణపు సముద్రతీరాన ఉన్న అల్ బలీద్ అనే మధ్యయుగపు రేవు. రెండవది దానికి తూర్పున సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, ఒక కయ్య ఒడ్డున గుట్టమీద నిలిచిన ఖోర్ రోరి. దాని ప్రాచీన నామం సుమ్‌హురమ్. హద్రమౌత్ రాజు ఆజ్ఞతో ఈ కోటపట్టణం కట్టబడిన సంగతి దాని ద్వారం దగ్గరి శిలాశాసనాలలో చెక్కి ఉన్నది.

ధోఫార్ కొండలలో పెరిగే ఒక చెట్టు బంకను అరబ్బులు లుబాన్ అంటారు. మనం ధూపం వేసే సాంబ్రాణి వంటిదే అది. ఆ బంకను ఎగుమతి చేయడానికే సుమ్‌హురమ్ వెలసింది. క్రీస్తు శకం మొదటి శతాబ్దంలో గ్రీకు భాషలో వ్రాయబడిన ఒక నావికుల గ్రంథం ఈ తీరపు రేవును వర్ణించింది. భారత పశ్చిమ తీరపు ఓడలు గాలి అనుకూలించే దాకా ఇక్కడ ఆగి, బట్ట, ధాన్యం, నూనె ఇచ్చి ధూపపు బంక తీసుకొని వెళ్ళేవని అందులో ఉన్నది. అదే గ్రంథం మచిలీపట్నం వైపున్న మన తీరాన్ని కూడా సన్నని బట్టకు నిలయంగా పేర్కొన్నది.

సాలభంజిక

ఖోర్ రోరిలో బృందానికి ఒక చిన్న కంచు బొమ్మ దొరికింది. అది స్త్రీమూర్తి. దాని ఒడుపు, ఆభరణాలు చూసి అది భారతదేశంలో పోతపోసినదని పండితులు గుర్తించారు. చెట్టుకొమ్మ పట్టుకొని నిలిచే అటువంటి మూర్తిని సాలభంజిక అంటారు. విక్రమార్కుని సింహాసనపు మెట్లమీద ఉండి కథలు చెప్పిన బొమ్మలు సాలభంజికలేనని మన పెద్దలు చెప్పగా వినే ఉంటారు.

ఈ సాలభంజిక మాత్రం చాలా కాలం కథ చెప్పలేదు. ఫిలిప్స్ సంస్థ సేకరణలో చేరి అది అమెరికాకు తరలిపోయింది. ఆయన 1955లో తన యాత్రలను గూర్చి, 1966లో ఒమన్‌ను గూర్చి గ్రంథాలు ప్రకటించారు. అరబ్బు వేషంలో నడుముకు తుపాకులు కట్టుకొని నిలిచిన ఆయన చిత్రాలు ఎందరినో ఆకర్షించాయి. అరేబియా లారెన్స్‌తో ఆయనను పోల్చారు. కాని ధోఫార్ త్రవ్వకపు పూర్తి నివేదిక మాత్రం ఆయన బ్రతికి ఉండగా వెలువడలేదు. 1958లో సోహార్ రేవులోనూ, 1960లో మరల ధోఫార్‌లోనూ త్రవ్వకాలు జరిగాయి గాని, పాత బాకీ అలాగే మిగిలింది.

వెండెల్ ఫిలిప్స్ 1975 డిసెంబరులో, 54 ఏళ్ళ వయస్సులో మరణించారు. ధోఫార్‌లో పని నడిపించిన ఫ్రాంక్ ఆల్‌బ్రైట్ సిద్ధం చేసిన నివేదిక 1982లో అచ్చయింది. అనగా త్రవ్వకానికీ పుస్తకానికీ నడుమ దాదాపు మూడు దశాబ్దాలు గడచిపోయాయి. అంతకాలమూ ఆ బొమ్మ చాలామందికి ఒక అందమైన ఛాయాచిత్రంగానే తెలుసు.

ఫిలిప్స్ సోదరి మెరిలిన్ ఆయన సంస్థను కొనసాగించి, మారిబ్‌లో త్రవ్వకాలను తిరిగి ఆరంభింపజేశారు. 2014లో వాషింగ్టన్‌లోని శాక్లర్ గ్యాలరీ ఆయన సాహసాలను గూర్చి ఒక ప్రదర్శనను ఏర్పాటు చేసింది. తిమ్నా సింహాలతో పాటు ఆనాటి ఛాయాచిత్రాలనూ చలనచిత్రాన్నీ అక్కడ చూపారు. వస్తువుతో పాటు, దాన్ని త్రవ్విన మనుషుల కథ కూడా ప్రదర్శనలో భాగమైంది. ప్రదర్శన రూపకర్తలు నేడు అనుసరిస్తున్న మంచి మార్గం ఇది.

ఒక మూతపెంకు చెప్పిన పేరు

ఖోర్ రోరిలో 1990ల చివరి నుండి ఇటలీలోని పీసా విశ్వవిద్యాలయపు బృందం నిదానంగా పనిచేసింది. ఇల్లిల్లూ, గదిగదీ త్రవ్వి, ప్రతి పెంకు దొరికిన చోటును వ్రాసుకున్నది. 2006లో వారికి నివాసాల భాగంలో ఒక మూతపెంకు దొరికింది. పగిలిన జాడీ ముక్కను అరగదీసి ఎవరో మూతగా వాడుకున్నారు. దానిపై కొన్ని అక్షరాలు గీయబడి ఉన్నాయి. 2012లో అది భారతీయ పండితుల కంటబడింది. లిపి శాస్త్రవేత్త ఐరావతం మహాదేవన్ ఆ అక్షరాలు తమిళ బ్రాహ్మీ అని గుర్తించి, కీరన్ అనే మనిషి పేరును అందులో చదివారు.

ఆ పేరు తెలుగు కాదు, తమిళం. అయినను మనకు ఆత్మీయమే. సుమారు రెండు వేల ఏళ్ళ కిందట కడలి దాటి వచ్చిన ఒక సామాన్యుడు తన మూతమీద పేరు వ్రాసుకున్నాడు. అతడు రాజు కాడు, అతనికి విగ్రహం లేదు. వెలకట్టి చూస్తే ఆ పెంకు సాలభంజిక ముందు నిలువదు. కాని అది ఎక్కడ, ఏ పొరలో, వేటి నడుమ దొరికిందో వ్రాసి పెట్టినందువల్ల, ఒక మనిషి మనకు తిరిగి దక్కాడు.

ఓడ దిగిన మన పూర్వులకు కూడా పుస్తకాలలో ఒక సంఖ్య, వంకర టింకరగా వ్రాసిన ఒక పేరు మిగిలాయి. కోరంగి రేవు పేరును బట్టి మనవారిని అనేక దేశాలలో కోరంగివారని పిలిచారు. ఊరి పేరు, ఇంటి పేరు చెరిగిపోయి, రేవు పేరు మిగిలింది. కీరన్ మూతపెంకు విలువ మనకంటె బాగా ఎవరికి తెలుస్తుంది?

నేటి ఒమన్ ప్రదర్శనశాలలు

ఖోర్ రోరి, అల్ బలీద్, ధూపవృక్షాల లోయ, ఎడారిలోని షిసర్ కలిసి 2000లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. 2007లో అల్ బలీద్ శిథిలాల పక్కనే లుబాన్ భూమి ప్రదర్శనశాల తెరచుకున్నది. అందులో చరిత్రకు ఒక మందిరం, సముద్రయానానికి ఒక మందిరం ఉన్నాయి. శిథిలాలను చూసిన మనిషి నాలుగడుగులు వేసి వాటి కథ తెలుసుకుంటాడు. కథ విని మళ్ళీ శిథిలాల మధ్య నడుస్తాడు. త్రవ్విన చోటే చెప్పడం ఈ ప్రణాళికలోని గొప్పతనం. మస్కట్‌లో 2016లో ప్రారంభమైన జాతీయ ప్రదర్శనశాల అంధుల కోసం అరబిక్ బ్రెయిల్ లిపిలోనూ వివరాలు ఉంచింది. చూడలేనివాడు కూడా ఈ కథకు హక్కుదారుడేనని దీని భావం.

మారిషస్‌లో కూడా ఇటువంటి పని జరిగింది. ఒప్పంద కూలీలు దిగిన ఆప్రవాసి ఘాట్ 2006లో ప్రపంచ వారసత్వ స్థలమైంది. 2014లో అక్కడే వివరణ కేంద్రం వెలసింది.

మనం చేయవలసినది

ఫిలిప్స్ లేకుంటే ధోఫార్ శిథిలాలు లోకానికి మరికొంత ఆలస్యంగా తెలిసేవి. ఆ గౌరవం ఆయనకు చెల్లవలసిందే. కాని ముందు వస్తువును తెచ్చి, కథ తరువాత వ్రాద్దామనుకుంటే ఒక జీవితకాలం చాలదని కూడా ఆయన చరిత్ర చెబుతున్నది.

మన పనికి అద్దాల బీరువాలు, పెద్ద జీతపు సలహాదారులు తరువాత రావచ్చు. ముందుగా ఒక నోటు పుస్తకం చాలు. ప్రతి వస్తువుకు ఒక సంఖ్య ఇవ్వాలి. అది ఎవరిది, ఏ తోటలో ఏ ఇంట ఉండేది, దేనికి వాడేవారు, ఎవరు చెప్పారు, ఏ తేదీన చెప్పారు అని వ్రాయాలి. వస్తువు ఉన్నచోటే ఒక ఛాయాచిత్రం తీసి, ఆ తరువాతనే దాన్ని కదల్చాలి. పెద్దలు వాడిన మాటను మార్చకుండా తెలుగు అక్షరాలలో వ్రాసి, కింద ఇక్కడి పిల్లలకు తెలిసిన భాషలో అర్థం ఇవ్వాలి. మెరిసే వెండి గిన్నెకు ఎంత చోటు ఇస్తామో, సొట్టపడిన సత్తు గిన్నెకూ అంతే చోటు ఇవ్వాలి.

చెంబు ఇంకో నూరేళ్ళు ఉంటుంది. దాని కథ తెలిసిన అవ్వ అంతకాలం ఉండదు. కనుక నోటు పుస్తకం ఈ వారమే తెరవడం మంచిది.