ఫ్రిట్జ్ హేబర్ – వెలుగునీడలు

అన్నం పరబ్రహ్మ స్వరూపమని మన పెద్దలు విశ్వసించారు. ఆ అన్నాన్ని ప్రసాదించే నేలకు కూడా ఆహారం కావాలి. పైరు ఎదుగుదలకు అవసరమైన పోషకాలలో నత్రజని ప్రధానమైనది. మనం పీల్చే గాలిలో దాదాపు 78 శాతం నత్రజనే అయినా, మొక్కలు దానిని నేరుగా గ్రహించలేవు. నత్రజని అణువులోని రెండు పరమాణువులు మూడు బంధాలతో గట్టిగా పెనవేసుకొని ఉండటమే ఇందుకు కారణం. ఆ బంధాన్ని విడదీసి, గాలిలోని నత్రజనిని పంటపొలానికి అందించే మార్గాన్ని చూపినవాడు జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఫ్రిట్జ్ హేబర్. కోట్లాది ప్రజల ఆకలిని తీర్చిన ఆ మేధయే యుద్ధభూమిలో విషవాయు ప్రయోగానికి కూడా పూనుకొంది. అందువల్లనే ఆయన జీవితం విజ్ఞానశాస్త్ర చరిత్రలో ఒక ఘనకీర్తిగాను, ఒక హెచ్చరికగాను నిలిచిపోయింది.

హేబర్ 1868 డిసెంబరు 9న నాటి ప్రష్యా రాజ్యంలోని బ్రెస్లావ్ నగరంలో ఒక యూదు కుటుంబంలో జన్మించాడు. ఆ నగరం నేడు పోలండ్ దేశంలో ఉంది. ఆయన పుట్టిన కొద్దిరోజులకే తల్లి మరణించింది. తండ్రి సీగ్‌ఫ్రీడ్ అద్దకపు రంగులు, రసాయనాల వ్యాపారి. కుమారుడు తన వ్యాపారాన్ని చేపట్టాలని తండ్రి ఆశించాడు. కుమారుని మనస్సు మాత్రం ప్రయోగశాలపై లగ్నమైంది. బెర్లిన్, హైడెల్‌బర్గ్ నగరాలలో విద్యనభ్యసించి, 1891లో డాక్టరేట్ పట్టాన్ని పొందాడు. కొంతకాలం తండ్రి వద్ద పనిచేసినా ఇద్దరికీ పొసగలేదు. నాటి జర్మనీలో యూదులకు విశ్వవిద్యాలయాలలో ఉన్నత పదవులు లభించడం దుర్లభంగా ఉండేది. హేబర్ 1892లో క్రైస్తవ మతాన్ని స్వీకరించాడు. తోటి జర్మన్లలో ఒకడిగా గుర్తింపు పొందాలనే తపన ఆయనను జీవితాంతం నడిపించింది.

1894లో హేబర్ కార్ల్‌స్రూ నగరంలోని సాంకేతిక విద్యాలయంలో సహాయకుడిగా చేరాడు. 1825లో స్థాపితమైన ఆ సంస్థ అప్పటికే పరిశోధనలకు పేరుగాంచింది. హైన్రిచ్ హెర్ట్జ్ విద్యుదయస్కాంత తరంగాల ఉనికిని ప్రయోగపూర్వకంగా నిరూపించింది అక్కడే. పరిశ్రమల అవసరాలకూ మౌలిక శాస్త్రానికీ మధ్య వారధిగా ఉన్న ఆ వాతావరణం హేబర్ ప్రతిభకు సరిగ్గా సరిపోయింది. భౌతిక రసాయన శాస్త్రాన్ని ఆయన చాలావరకు స్వయంకృషితోనే నేర్చుకొన్నాడు. వాయువుల మధ్య జరిగే చర్యలలో ఉష్ణశక్తి పాత్రను వివరిస్తూ 1905లో ఒక ప్రామాణిక గ్రంథాన్ని వెలువరించాడు. 1906లో అక్కడే ఆచార్య పదవిని పొందాడు. అంతకుముందే, 1901లో, క్లారా ఇమ్మర్‌వార్‌ను వివాహం చేసుకొన్నాడు. ఆమె కూడా రసాయన శాస్త్రవేత్త. బ్రెస్లావ్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ పొందిన మొదటి మహిళ ఆమె. వివాహానంతరం సంసార బాధ్యతల వల్ల ఆమె పరిశోధన కుంటుపడింది.

ఆ కాలంలో ఐరోపా దేశాలను ఒక పెద్ద చింత పీడిస్తూ ఉండేది. జనాభా పెరుగుతున్నది. పొలాలకు కావలసిన నత్రజని ఎరువు కోసం ఆ దేశాలు దక్షిణ అమెరికాలోని చిలీ దేశపు గనుల నుండి వచ్చే నైట్రేటుపై ఆధారపడవలసి వచ్చేది. ఆ నిల్వలు తరిగిపోతే గోధుమ పంటకు ముప్పు తప్పదని 1898లో ఇంగ్లండులో విలియం క్రూక్స్ హెచ్చరించాడు. గాలిలోని నత్రజనిని వినియోగించుకోవడమొక్కటే తరుణోపాయమని ఆయన సూచించాడు.

నత్రజనిని ఉదజనితో కలిపితే అమ్మోనియా ఏర్పడుతుంది. సూత్రం చిన్నదే గాని ఆచరణ కష్టసాధ్యం. ఉష్ణోగ్రత తక్కువైతే చర్య అతి మందంగా సాగుతుంది. ఎక్కువైతే ఏర్పడిన అమ్మోనియా తిరిగి విడిపోతుంది. తొలుత వేయి డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర చేసిన ప్రయోగాలలో లభించిన అమ్మోనియా అత్యల్పం. ఆ ఫలితాలు కూడా సరికావని 1907లో ప్రసిద్ధ శాస్త్రవేత్త వాల్టర్ నెర్న్‌స్ట్ విద్వత్సభలో బహిరంగంగా విమర్శించాడు. ఆ అవమానం హేబర్‌ను తీవ్రంగా బాధించింది. ఆయన వెనుదిరగక మరింత పట్టుదలతో పరిశోధనకు పూనుకొన్నాడు. నాలుగు ఘనపరిమాణాల వాయువులు కలిసి రెండు ఘనపరిమాణాల అమ్మోనియాగా మారతాయి కనుక, పీడనం పెంచితే ఫలితం పెరుగుతుంది. రాబర్ట్ లె రొసిన్యోల్ అనే యువ సహచరుడు అంతటి పీడనాన్ని తట్టుకోగల పరికరాన్ని నిర్మించాడు. చర్యను వేగవంతం చేసే ఉత్ప్రేరకంగా ఆస్మియం లోహం ఉపకరించింది. ఏర్పడిన అమ్మోనియాను చల్లబరచి ద్రవంగా వేరుచేసి, మిగిలిన వాయువులను మరల మరల పరికరంలోకి పంపే ఏర్పాటు చేశారు.

1909 జూలై 2న ఆ ప్రయోగాన్ని చూడటానికి బి.ఎ.ఎస్.ఎఫ్. రసాయన సంస్థ నుండి కార్ల్ బాష్, ఆల్విన్ మిట్టాష్ కార్ల్‌స్రూకు వచ్చారు. పరికరంలోని ఒక బోల్టు దెబ్బతినడంతో గంటల తరబడి ఆలస్యమైంది. బాష్ వెళ్ళిపోయాడు. మిట్టాష్ మాత్రం వేచి ఉండి, గాలి నుండి పుట్టిన అమ్మోనియా బొట్టుబొట్టుగా రాలడాన్ని కన్నులారా చూశాడు. అటు తరువాత మిట్టాష్ బృందం వేలాది ప్రయోగాలు చేసి, ఖరీదైన ఆస్మియంకు బదులు చౌకైన ఇనుప ఉత్ప్రేరకాన్ని రూపొందించింది. బాష్ ప్రయోగశాల పరికరాన్ని మహాయంత్రంగా మలిచాడు. 1913లో ఒప్పావ్ పట్టణంలో మొదటి కర్మాగారం ఉత్పత్తి ప్రారంభించింది.

1911లో హేబర్ బెర్లిన్‌లో నూతనంగా ఏర్పడిన భౌతిక రసాయన శాస్త్ర పరిశోధన సంస్థకు సంచాలకుడైనాడు. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. సముద్ర మార్గాలు మూసుకుపోవడంతో జర్మనీకి చిలీ నైట్రేటు అందలేదు. పొలాలకు ఎరువు కావలసిన అమ్మోనియా నత్రికామ్లంగా మారి మందుగుండుకు మూలమైంది. హేబర్ అంతటితో ఆగలేదు. విషవాయువును ఆయుధంగా మలిచే పనికి తానే నాయకత్వం వహించాడు. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర్ పట్టణం వద్ద జర్మన్ సైన్యం 150 టన్నులకు పైగా క్లోరిన్ వాయువును శత్రుసేనల పైకి వదిలింది. ఆ ఏర్పాట్లను హేబర్ స్వయంగా పర్యవేక్షించాడు. వేలాది సైనికులు ఊపిరాడక విలవిలలాడారు. పలువురు అసువులు బాశారు.

పది రోజులు గడిచాయి. మే 2న క్లారా భర్త తుపాకితోనే తన ప్రాణాలు తీసుకొంది. ఆమె మరణానికి గల కారణాలను గురించి చరిత్రకారులలో భిన్నాభిప్రాయాలున్నాయి. పన్నెండేళ్ళ కుమారుణ్ణి విడిచి, హేబర్ వెంటనే తూర్పు రణరంగానికి తరలివెళ్ళాడు. దేశసేవ అనే భావన ఆయన దృష్టిని ఎంతగా కప్పివేసిందో ఈ ఒక్క సంఘటనే చెబుతుంది.

అమ్మోనియా సంశ్లేషణకు గాను 1918 సంవత్సరపు నోబెల్ బహుమతి హేబర్‌ను వరించింది. విషవాయు ప్రయోగానికి కారకుడైన వ్యక్తికి ఆ గౌరవం తగదని పలుదేశాల శాస్త్రవేత్తలు నిరసన తెలిపారు. యుద్ధంలో ఓడిన జర్మనీ చెల్లించవలసిన నష్టపరిహార భారాన్ని తీర్చడానికి ఆయన సముద్రజలం నుండి బంగారాన్ని రాబట్టాలని కొన్నేళ్ళు శ్రమించాడు. నీటిలో బంగారం అనుకొన్నదానికంటే ఎంతో తక్కువని తేలడంతో ఆ యత్నం విఫలమైంది.

సర్వస్వం అర్పించిన ఆ దేశమే చివరకు ఆయనను పరాయివాడిగా చూసింది. 1933లో అధికారానికి వచ్చిన నాజీ ప్రభుత్వం యూదులను కొలువుల నుండి తొలగించాలని శాసనం చేసింది. యుద్ధసేవ కారణంగా హేబర్‌కు మినహాయింపు ఉంది. అయినా తన సహచరులను వెళ్ళగొట్టడానికి ఆయన అంతరాత్మ అంగీకరించలేదు. ఏప్రిల్ 30న రాజీనామా సమర్పించి దేశాన్ని వీడాడు. కొంతకాలం కేంబ్రిడ్జిలో తలదాచుకొన్నాడు. 1934 జనవరి 29న స్విట్జర్లాండులోని బాజెల్ నగరంలో గుండెపోటుతో కన్నుమూశాడు. ఏడాది తరువాత ప్రభుత్వ నిషేధాన్ని లెక్కచేయక మాక్స్ ప్లాంక్ ఆయన సంస్మరణ సభను జరిపించాడు. విధి వైపరీత్యం అంతటితో ముగియలేదు. హేబర్ సంస్థలో జరిగిన పురుగుమందుల పరిశోధన నుండి వెలువడిన జైక్లాన్ వాయువును నాజీలు మరొక రూపంలో నిర్బంధ శిబిరాలలో మారణహోమానికి వాడారు. హతులైనవారిలో ఆయన బంధువులు కూడా ఉన్నారు.

కార్ల్‌స్రూ ప్రయోగశాలలో రాలిన ఆ బొట్లు నేడు ప్రపంచమంతటా ప్రవహిస్తున్నాయి. రామగుండం కర్మాగారంలో తయారయ్యే యూరియాకూ, మన వరిచేలలో చల్లే నత్రజని ఎరువులకూ ఆ ప్రక్రియే ఆధారం. ప్రపంచ జనాభాలో దాదాపు సగం మందికి ఆహారం దీనివల్లనే లభిస్తున్నదని శాస్త్రజ్ఞుల అంచనా. అదే అమ్మోనియా పైరుకు ప్రాణమైంది, ఫిరంగికి మందుగుండైంది. దానిని దేనికి వినియోగించాలో నిర్ణయించినది మనిషి. తొలినాళ్ళలో మేధాసంపదకు సాటిలేనివాడైన హేబర్, చివరి రోజులలో తన సహచరుల పక్షాన నిలిచి అంతరాత్మ మాటను మన్నించాడు. ఆ వివేకం 1915లోనే మేల్కొని ఉంటే ఆయన కీర్తికి ఇంతటి మచ్చ అంటేది కాదు. విజ్ఞానాన్ని ఆర్జించే ప్రతి విద్యార్థీ దానితోపాటు వివేకాన్ని కూడా అలవరచుకోవలసిన ఆవశ్యకతను హేబర్ జీవితం చాటిచెబుతున్నది.