కలమే జీవనముగా గొన్న జాన్సను పండితుని చరిత్రము

వ్రాతవలన జీవించువారిని లోకము పలుపేరులతో వ్యవహరించుచున్నది. గ్రంథకర్త యన్నచో చేతులు మోడ్చును. పత్రికాధిపతి యన్నచో జంకును. కూలికి వ్రాయువాడన్నచో మొగము త్రిప్పుకొనును. చేయు పని యొక్కటియే యైనను పేరునుబట్టి గౌరవము మాఱుచుండును. ఈ పేరులనన్నిటిని తాను మోసి, తుదకు వాని యర్థములను తన నిఘంటువునందే వ్రాసిపెట్టిన యొక పండితుని చరిత్రము ఇచ్చట సంగ్రహముగా దెలుపబడుచున్నది.

సామ్యూల్ జాన్సను 1709వ సంవత్సరము సెప్టెంబరు 18వ తేదీని ఇంగ్లండు దేశమునందలి లిచ్‌ఫీల్డు పట్టణమున జనించెను. తండ్రి పుస్తకముల వర్తకుడు. బాల్యముననే గండమాల యను వ్యాధి సోకి యీతని దృష్టిని మందగింపజేసెను. 1728లో ఆక్సుఫర్డు విశ్వవిద్యాలయమున బెంబ్రోకు కళాశాలలో జేరెను గాని, ధనము లేమిచేత పదుమూడు మాసములకే పట్టము పొందక విడిచిపోవలసివచ్చెను. వివాహానంతరము పెట్టిన పాఠశాలయు నిలువలేదు. 1737లో, తన శిష్యుడును పిమ్మట సుప్రసిద్ధ నటుడును అయిన గారిక్కుతో గూడి లండను నగరమునకు బోయెను.

అచ్చట ఎడ్వర్డు కేవు అనునాతడు నడపుచుండిన జెంటిల్మన్సు మాగజైను అను మాసపత్రికలో నీతనికి పని దొరకెను. అనువాదములు చేయుట, జీవితచరిత్రములు వ్రాయుట, ఇతరుల వ్రాతలను సవరించుట మున్నగునవన్నియు నాతని పాలబడెను. ఆ కాలమున పార్లమెంటు చర్చలను ప్రకటించుట నిషిద్ధము. కావున పత్రికవారు వానిని లిల్లిపుట్టను కల్పితదేశపు సభాచర్చలని పేరుమార్చి ప్రకటించుచుండిరి. కొన్ని సంవత్సరములు జాన్సను తనకందిన స్వల్పసమాచారము నాధారముగా గొని యా యుపన్యాసములను తానే రచించెను. చదువరులు వానిని వక్తల నిజమైన మాటలుగా నమ్ముచున్నారని తెలిసినపిమ్మట, పేదవాడయ్యును ఆ పని మానివేసెను.

1746లో పుస్తకవిక్రేతలు కొందఱు కలిసి ఇంగ్లీషుభాషకు నిఘంటువును గూర్చుటకై 1500 గినీలకు ఈతనితో నొడంబడిక చేసికొనిరి. మూడేండ్లలో ముగియునని తలచిన పని తొమ్మిదేండ్లు పట్టెను. గఫ్ స్క్వేరులోని యింటి పైకప్పు క్రింది గదియే కార్యస్థానము. ఆఱుగురు లేఖకుల జీతములను ఆ సొమ్మునుండియే యిచ్చుకొనవలసివచ్చెను. ఆ నడుమనే 1750 మొదలు 1752 వఱకు వారమునకు రెండుమారులు రాంబ్లరు అను పత్రికను వెలువరించెను. 1752లో భార్య మరణించెను.

మన పూర్వకవులు కృతికన్యకకు భర్తను వెదకినట్లే, ఆ దేశమునను గ్రంథకర్తలు ప్రభువుల నాశ్రయించుట వాడుక. జాన్సనును 1747లో తన నిఘంటుప్రణాళికను చెస్టర్‌ఫీల్డు ప్రభువున కుద్దేశించి ప్రకటించెను. ఆ ప్రభువు చాలకాల ముపేక్షించి, గ్రంథము ముగియవచ్చిన 1754లో దానిని శ్లాఘించుచు రెండు వ్యాసములు వ్రాసెను. కష్టము గడచినపిదప వచ్చిన యాదరము తనకక్కఱలేదని 1755 ఫిబ్రవరిలో జాన్సను మర్యాద దప్పకయే తెలియజేసెను. విద్వాంసుల యిడుమలను లెక్కించుచు 1749లో తాను వ్రాసిన పద్యమున అటకగది యను మాటయుండగా, దానిని దీసివేసి పోషకుడను మాటను నిలిపెను.

1755 ఏప్రిల్ 15వ తేదీని నిఘంటువు వెలువడెను. రమారమి 42,000 పదములును, లక్షకుపైగా నుదాహరణములును గల యా గ్రంథమున, తన వృత్తివారి పేరులకు జాన్సను వ్రాసిన యర్థములు గమనింపదగినవి. సంపాదకుడనగా గ్రంథమును సరిచూచి ప్రకటనమునకు సిద్ధపఱచువాడు. వార్తలు వ్రాయువాని పేరు, రాజసభను సమర్థించుటకై కూలికి గుదిరినవారివలన మిక్కిలి నీచమైపోయెనని తెలిపెను. కూలివ్రాతగాండ్రకు నెలవైన గ్రబ్ స్ట్రీటను వీథియందు నిఘంటువులు కూర్చువారినిగూడ జేర్చెను. నిఘంటుకారుని, ఎవరికిని కీడుచేయని చాకిరివానిగా వర్ణించెను. పరుల నెంత కఠినముగా జూచెనో తన్ను నంతకంటె దక్కువగా జూచుకొనలేదు.

కీర్తి వచ్చినను దారిద్ర్యము తీఱలేదు. 1756లో ఋణమునకై నిర్బంధింపబడగా నవలాకారుడగు రిచర్డుసను ధనమిచ్చి విడిపించెను. 1759లో తల్లి మరణింపగా, ఉత్తరక్రియల వ్యయమునకై రాసెలాసు అను కథను కొలదిదినములలో వ్రాసి యమ్మెను.

1762లో మూడవ జార్జిరాజు ఈతనికి సంవత్సరమునకు 300 పౌనుల యుపకారవేతనము నొసగెను. ఇంగ్లండులో నట్టి వేతనము స్వదేశద్రోహమునకు గూలియని జనులు తలతురని తన నిఘంటువునందే వ్రాసినవాడు దానిని గైకొనవచ్చునా? జాన్సను సందేహించి మిత్రుల నడిగెను. చేసిన పనికే గాని చేయబోవు పనికి గాదని మంత్రియగు బ్యూటు ప్రభువు నొక్కిచెప్పగా నంగీకరించెను. శత్రువులు పరిహసించిరి, 1770 తరువాత నాతడు ప్రభుత్వపక్షమున కరపత్రములు వ్రాసినప్పుడు మఱింత నిందించిరి. ఆ నింద పూర్తిగా తొలగినదని చెప్పజాలము. అయినను 1773లో నిఘంటువును తానే సంస్కరించినపుడు, తన్ను గ్రుచ్చుచుండిన యా యర్థమును దిద్దుకొనక యట్లే యుండనిచ్చెను.

1784 డిసెంబరు 13వ తేదీని జాన్సను పరలోకగతుడయ్యెను. వెస్టుమినిస్టరు ఆలయమున నాతని సమాధి గలదు. వ్రాతకు వేతనము గొనుట సిగ్గని యాతడెన్నడును దలచలేదు. చదువరిని మోసపుచ్చుటయే సిగ్గని తలచెను. చదువరులారా, వ్రాయువానిని మీరే పేరుతో బిలిచినను, ముందుగా నీ యొక్క విషయమును విచారింపుడు: తనకు నష్టముదెచ్చు మాటనైనను ఆతడు చెఱిపివేయక నిలుపగలడా?