ఇద్దరే ఉండే బడి

ఆగస్టు 29 వచ్చిందంటే తెలుగు క్లబ్బు వాళ్ళకి చేతినిండా పని. బ్యానరు మీద గిడుగు వెంకట రామమూర్తి గారి బొమ్మ, పక్కన వ్యావహారిక భాషోద్యమ పితామహుడు అని పెద్దక్షరాలు, ఒక దండ, రెండు ప్రసంగాలు, చివర్లో సమోసాలు. ఉద్యమం అనగానే మన కళ్ళ ముందు సభలూ వాదాలూ కదులుతాయి. అవన్నీ నిజమే. కానీ ఆయన జీవితం గురించి చదివే కొద్దీ నాకు సభల కంటే ఎక్కువగా కనిపించింది వేరే దృశ్యం. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా కూర్చుని ఉంటారు. ఒకరికి తెలిసింది ఇంకొకరు అడిగి తెలుసుకుంటుంటారు. ఎవరు గురువో, ఎవరు శిష్యుడో చెప్పడం కష్టం. గిడుగు వారి పెద్ద పనుల్లో చాలావరకు అలాంటి చిన్న బళ్ళలోనే మొదలయ్యాయి.

ఆయన 1863లో శ్రీకాకుళం ప్రాంతంలో, ముఖలింగానికి దగ్గర్లో ఉన్న పర్వతాలపేటలో పుట్టారు. తండ్రి వీర్రాజు గారు, తల్లి వెంకమ్మ గారు. తండ్రికి చోడవరం బదిలీ అయింది. అక్కడే 1875లో విషజ్వరంతో పోయారు. పన్నెండేళ్ళ పిల్లాడికి అప్పుడు విశాఖపట్నంలో ఉన్న మేనమామ గారి ఇల్లే ఆధారమైంది. ఇప్పటి మన విశాఖను ఆ రోజుల్లోకి తీసుకెళ్ళకండి. ఓడరేవు ఇంకా రాలేదు, అది 1933 నాటి మాట. ఉక్కు ఫ్యాక్టరీ గురించి కల కనడానికి కూడా ఇంకో తొంభై ఏళ్ళు పట్టింది. చదువు విజయనగరం మహారాజా వారి ఇంగ్లీషు స్కూల్లో సాగింది. అక్కడ ఆయనతో పాటు చదువుకున్న కుర్రాడు గురజాడ అప్పారావు. ఒకే బడిలో చదివిన ఈ ఇద్దరూ తర్వాత తెలుగు రాతనే మార్చేశారు.

1879లో మెట్రిక్యులేషన్ పాసయ్యారు. మరుసటి ఏడే పర్లాకిమిడి రాజా వారి స్కూల్లో ఉద్యోగం. జీతం నెలకి 30 రూపాయలు. చెప్పాల్సింది ఫస్టు ఫారం పిల్లలకి చరిత్ర. అప్పటికి ఆయన వయసు మన సెకండియర్ వాళ్ళ కంటే తక్కువ! ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా చదివి ఎఫ్.ఏ., తర్వాత బి.ఏ. పూర్తి చేశారు.

ఆ చరిత్ర మేష్టారు అక్కడితో ఆగి ఉంటే పాఠ్యపుస్తకం ఉన్నదున్నట్టు అప్పజెప్పేసి, నెలాఖరుకి జీతం తీసుకుని హాయిగా ఉండేవారు. కానీ ఆయన పుట్టిన ఊరి పక్కనే ముఖలింగం ఉంది. ఆ గుడి గోడల నిండా శాసనాలున్నాయి. పుట్టి పెరిగిన చోటి చరిత్ర కళ్ళెదుటే రాయి మీద ఉండగా దాన్ని చదవలేకపోవడం ఆయనకి కుదరలేదు. పుస్తకాలు తెప్పించుకుని పాత లిపులు సొంతంగా నేర్చుకున్నారు. గోడ దగ్గరికి వెళ్ళి ఒక్కో అక్షరం కూడబలుక్కున్నారు. కళింగ గాంగులు రాజధానిగా చెప్పుకున్న కళింగనగరం ఈ ముఖలింగమే అని వాదించారు. గాంగరాజు వజ్రహస్తుడు శకవర్షం 979లో, అంటే క్రీ.శ. 1057 ప్రాంతంలో వేయించిన నడగాం తామ్రశాసనాన్ని పరిష్కరించి ఎపిగ్రాఫియా ఇండికాలో అచ్చు వేయించారు. జిల్లా స్కూల్లో చరిత్ర చెప్పుకునే ఒక తెలుగు మేష్టారు, దేశమంతటా పండితులు చదివే పత్రికలో తన ఊరి చుట్టుపక్కల చరిత్రను నిలబెట్టారన్నమాట. అక్కడ గురువు రాయి, శిష్యుడు ఆయన.

పర్లాకిమిడి చుట్టూ కొండలు. ఆ కొండల్లో సవరలు. సంతకి దిగే సవరలు మాట్లాడుకునే భాష ఊళ్ళో ఎవరికీ పట్టేది కాదు. తెలుగుకీ దానికీ చుట్టరికం లేదు. తెలుగు ద్రావిడ భాష, సవర ముండా భాషల కుటుంబంలోది. రామమూర్తి గారికి ఆ భాష నేర్చుకోవాలనిపించింది. వ్యాకరణం పుస్తకం తీసుకుని నేర్చుకుందామంటే అలాంటిది లేదు. అందుకని తెలుగు వచ్చిన ఒక సవరను ఇంట్లోనే పెట్టుకుని అతని దగ్గర నేర్చుకోవడం మొదలుపెట్టారు.

నన్ను బాగా ఆకట్టుకున్నది ఇక్కడే. వందేళ్ళ కిందటి కులాల లెక్కలూ, కొండవాళ్ళంటే పల్లపువాళ్ళకి ఉండే చిన్నచూపూ మనకి తెలియనివి కావు. అలాంటి రోజుల్లో ఒక బ్రాహ్మణ మేష్టారు తన ఇంట్లోనే ఒక సవరకి గురువు స్థానం ఇచ్చి, తాను విద్యార్థిగా కూర్చున్నారు. బడిలో పగలంతా నోరు మాట్లాడాలి, చెవి ఊరుకోవాలి. ఇంటికొచ్చాక నోరు ఊరుకోవాలి, చెవి పని చెయ్యాలి. సవరలో మాటను గొంతులోనే ఠక్కున ఆపేసే ధ్వని ఒకటుంది. అది తెలుగులో లేదు, తెలుగు అక్షరాల్లో రాయడానికీ గుర్తు లేదు. పేరుని తీసుకెళ్ళి క్రియలో కలిపేసి ఒక్క మాటగా చెప్పేసే పద్ధతి కూడా ఆ భాషలో ఉంది. ఇలాంటివి క్లాసులో బోర్డు మీద రాసి చెప్తే వచ్చేవి కావు. ఎదురుగా ఒక మనిషి ఉండాలి, అతను పది సార్లు పలకాలి, విసుక్కోకుండా పదకొండో సారి అడగాలి.

భాషతో పాటు పాటలు వచ్చాయి, కథలు వచ్చాయి, ఆ జనం పండగలూ పంటలూ వచ్చాయి. అవన్నీ రాసుకున్నారు. సవర పిల్లల కోసం వాచకాలూ కథల పుస్తకాలూ పాటల పుస్తకాలూ తయారు చేశారు. సొంత డబ్బు పెట్టి కొండల్లో బళ్ళు పెట్టించి, పిల్లలకి వాళ్ళ భాషలోనే చదువు చెప్పే ఏర్పాటు చేశారు. ఇంట్లో మాట్లాడే మాటలోనే మొదటి అక్షరం రావాలనే ఆలోచన ఆయనకి ముందు సవర పిల్లల విషయంలో పని రూపం తీసుకుంది. తెలుగు పిల్లల కోసం ఆయన దెబ్బలాట తర్వాతి సంగతి. ఈ వరస మనం తరచూ మర్చిపోతాం.

ఈ పని ఊరికే రాలేదు. ఆ కొండల్లో తిరగడం వల్ల మలేరియా పట్టుకుంది. మలేరియాకి అప్పుడున్న మందు క్వినైన్. ఆ మందు వల్ల చెవుడు వచ్చింది. వినడమే పనిగా పెట్టుకున్న మనిషికి వినికిడి పోయింది! మన బ్రాంచిలో చెప్పుకోవాలంటే సెన్సరు కాలిపోయిన పరికరంతో జీవితాంతం రీడింగులు తీసుకోవడం లాంటిది. అయినా పని ఆపలేదు. కొడుకు సీతాపతి గారు కూడా ఆ పనిలోకి వచ్చారు. తండ్రి దగ్గర నేర్చుకున్న సీతాపతి గారు తర్వాత సొంతంగా భాషా పండితుడిగా, తెలుగు సాహిత్య చరిత్రకారుడిగా పేరు తెచ్చుకున్నారు. 1931లో సవర వ్యాకరణ గ్రంథం, 1938లో సవర నిఘంటువు ఇంగ్లీషులో అచ్చయ్యాయి. ప్రపంచంలో ముండా భాషల మీద పనిచేసేవాళ్ళు ఇప్పటికీ ఆ పుస్తకాలు తిరగేస్తారు.

ఇక తెలుగు సంగతి. అదీ ఒక ప్రశ్నతోనే మొదలైంది. 1907 ప్రాంతంలో యేట్స్ అనే ఇంగ్లీషాయన ఉత్తర సర్కారు జిల్లాలకి స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా వచ్చారు. ఆయన తెలుగు నేర్చుకుంటున్నారు. పుస్తకంలో నేర్చుకున్న తెలుగుతో బజార్లోకి వెళ్తే జనం ఇంకో తెలుగు మాట్లాడుతున్నారు. బళ్ళోనూ అంతే. పిల్లాడు వస్తున్నాడు అంటాడు, పుస్తకం వచ్చుచున్నాడు అంటుంది. ఎందుకిలా అని ఆయన విశాఖపట్నం ఏ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారిని అడిగారు. అయ్యంగారు గురజాడ వైపూ గిడుగు వైపూ చూపించారు. అలా ఈ నలుగురూ కలిశారు. నేను పాతబస్తీ వైపు వెళ్ళినప్పుడల్లా ఆ కాలేజీ దగ్గర బస్సు కిటికీలోంచి ఒకసారి తల తిప్పి చూస్తాను. మనం ఇప్పుడు రాసే తెలుగు వెనక ఉన్న ప్రశ్న చేతులు మారింది ఆ కాలేజీ ప్రిన్సిపాలు దగ్గరే కదా.

ఆ ప్రశ్న చిన్నదేం కాదని నాకు ఈ ఏడాది బాగా తెలిసింది. మా హాస్టల్లో ఒడిశా నుంచి వచ్చిన ఒక ఫ్రెండుకి రాత్రి భోజనాలయ్యాక ఒక గంట తెలుగు చెబుతున్నాను. మా సిలబస్ రెండే రెండు. ఆ రోజు పేపర్లో ఒక వార్త, ఆ వారం ఊళ్ళో జరిగే ఒక విశేషం. పోర్టు వార్తలు, స్టీల్ ప్లాంటు వార్తలు, కనకమహాలక్ష్మి అమ్మవారి మార్గశిర గురువారాలు, సింహాచలం చందనోత్సవం. వాడు పేపర్లో చదివిన మాటనే మర్నాడు టీ కొట్టు దగ్గర వాడేస్తాడు, పని జరిగిపోతుంది. అదే వచ్చుచున్నాడు అని నేర్పించి ఉంటే? టీ కొట్టాయన వాడికి టీ ఇచ్చేవాడే గానీ, నవ్వాపుకోలేకపోయేవాడు. ఇవాళ్టి వార్తతో పాఠం చెప్పగలుగుతున్నామంటే వార్త మనం మాట్లాడే తెలుగులో ఉండబట్టే.

అది ఉత్తినే అలా రాలేదు. 1911లో, ముప్ఫై ఏళ్ళ సర్వీసు తర్వాత గిడుగు ఉద్యోగం వదిలి పూర్తిగా ఈ పనిలో పడ్డారు. స్కూలు ఫైనల్ వ్యాసాన్ని వాడుక భాషలో కూడా రాయొచ్చని మొదట ఒప్పుకున్నారు. పండితులు గొడవ చేశారు, ఆ అనుమతి పోయింది. 1915లో గురజాడ చనిపోయారు. చిన్ననాటి జతగాడు లేడు, చెవులు లేవు, ప్రభుత్వం పక్కన లేదు. అయినా ఊరూరా తిరిగారు. 1919లో తెలుగు అనే మాసపత్రిక పెట్టి నడిపారు. ఆ ఏడే రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం అధ్యక్షులుగా వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. గిడుగు వాదించే తీరు కూడా చరిత్ర మేష్టారి తీరే. వాడుక మాటలు తప్పు అన్నవాళ్ళకి పాత కవుల గ్రంథాల్లోంచే సాక్ష్యాలు తీసి చూపించేవారు. వ్యాకరణానికి కట్టుబడి రాస్తున్నామనే పండితుల రాతల్లోనే ఆ వ్యాకరణం ఎక్కడెక్కడ తప్పిందో ఏరి పెట్టేవారు. బాలకవి శరణ్యం, గద్య చింతామణి, ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం అన్నీ ఆ పోరాటంలోంచి పుట్టిన పుస్తకాలే.

పర్లాకిమిడిలో ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళలో తాపీ ధర్మారావు ఒకరు. మొదట్లో గ్రాంథికం వైపు ఉన్న ఈ శిష్యుడే తర్వాత జనవాణి పత్రికను వాడుక తెలుగులో నడిపారు. గురువుతో ఏకీభవించకుండా వెళ్ళిన శిష్యుడు, తనంతట తాను ఆలోచించుకుని తిరిగి రావడం కంటే మేష్టారికి గొప్ప జీతం ఉండదేమో. పేపర్లోకి మన మాట అలా ఒక్కొక్కరి చేతి మీదుగా నడిచి వచ్చింది.

1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అటు వెళ్ళిపోయింది. దాన్ని ఒప్పుకోలేక, డెబ్భై దాటిన వయసులో, అర్ధశతాబ్దం పైగా బతికిన ఊరు వదిలి రాజమండ్రి వచ్చేశారు. ఇంగ్లీషు ప్రభుత్వం అంతకుముందే రావు సాహెబ్ బిరుదూ, కైజర్-ఇ-హింద్ పతకమూ ఇచ్చింది. 1938లో మన ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ ఇచ్చి గౌరవించింది. తండ్రి పోయిన పిల్లాడికి నీడనిచ్చిన విశాఖ, అరవై మూడేళ్ళ తర్వాత అదే మనిషిని అలా గుర్తు చేసుకుంది.

ఇంత చేసినా ఆయన బతికుండగా విశ్వవిద్యాలయాలు పూర్తిగా కదల్లేదు. పరీక్షల్లోకి, పాఠ్యపుస్తకాల్లోకి వాడుక భాష నిలకడగా వచ్చేసరికి ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆ సంగతి ఆయనకీ తెలుసనుకుంటాను. అందుకే 1940 జనవరి 15న, మద్రాసులో ప్రజామిత్ర కార్యాలయంలో పత్రికల వాళ్ళతో ఆఖరిసారి కూర్చున్నప్పుడు కూడా ఆయన అడిగింది బిరుదులూ కాదు, సన్మానాలూ కాదు. జనం మాట్లాడే తెలుగులో రాయమనే అడిగారు. సరిగ్గా వారం తిరిగేసరికి, జనవరి 22న కన్నుమూశారు. రోజూ పొద్దున్నే కొత్త వార్త మోసుకొచ్చే కాగితం ప్రతి ఇంట్లోనూ ఒక మేష్టారని ఆయనకి తెలుసు. ఆ మేష్టారికి మన భాష నేర్పించి మరీ వెళ్ళారు.