బండి విప్పి ఇంజనీరైన రైతుబిడ్డ జి.డి. నాయుడు

పొలంలో మోటారు కాలిపోతే రైతు దాన్ని బండి మీద వేసుకుని వైండింగు షాపుకు చేరుస్తాడు. ఆ మోటారుకు బిగించిన రేకు ముక్క మీద కోయంబత్తూరు అన్న వూరి పేరు చాలాసార్లు కనిపిస్తుంది. ఎక్కడో తమిళనాడులో వున్న ఆ వూరు మోటార్లకు పుట్టిల్లు కావడానికి కారకులైన వారిలో ముఖ్యుడు తెలుగు మాట్లాడే ఇంట పుట్టిన ఒక రైతుబిడ్డ. బడిలో చదువు అబ్బక, ప్రాథమిక విద్య కూడా పూర్తి కాకుండానే బయటికి వచ్చిన పిల్లవాడు. ఆయనే జి.డి. నాయుడు. తరువాతి కాలంలో ఆయన ఇంజనీరింగ్ కాలేజీకి ప్రిన్సిపాల్ కూడా అయ్యారు.

పలక బలపం పట్టని పిల్లవాడు

ఆయన పూర్తి పేరు గోపాలస్వామి దొరైస్వామి నాయుడు. 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గరి కలంగల్ గ్రామంలో జన్మించారు. విజయనగర రాజుల కాలంలోనూ, ఆ తరువాతా దక్షిణానికి తరలివెళ్ళి అక్కడి నల్లరేగడి నేలల్లో పత్తి సాగుచేసుకుంటూ స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఆ ప్రాంతంలో ఎన్నో వున్నాయి. నాయుడుది అటువంటి కుటుంబమే. తండ్రి గోపాలస్వామి నాయుడు వ్యవసాయదారుడు. తల్లి బిడ్డ పుట్టిన కొద్ది కాలానికే కన్నుమూసింది.

తల్లి లేని ఆ పిల్లవాడికి బడి రుచించలేదు. కదలకుండా కూర్చుని పాఠం వల్లెవేయడం అతనికి శిక్షలా తోచేది. అల్లరి ఎక్కువై ఉపాధ్యాయులతో తగాదాలు వచ్చాయి. చివరకు చదువు మానిపించి పొలం పనిలో పెట్టారు. ఆ రోజుల్లో పల్లెటూళ్ళో అదేమీ వింత కాదు. బడికి పనికిరాని వాడు నాగలికి పనికివస్తాడని పెద్దలు సరిపెట్టుకునేవారు.

మార్గం చూపిన మోటారు సైకిలు

అతడు హైస్కూలు చదివే ఈడుకు వచ్చిన తరువాత ఒక సంఘటన జరిగింది. ఒక తెల్లదొర, రెవిన్యూ అధికారి, మోటారు సైకిలు మీద ఆ ప్రాంతానికి వచ్చాడు. అది ఇంగ్లండులో తయారైన రడ్జ్ కంపెనీ బండి. ఎద్దు లేకుండా, గుర్రం లేకుండా, తొక్కకుండా పరుగెత్తే బండిని చూసి వూరంతా నోరు తెరిచింది. వూరివాళ్ళు చూసి ఇళ్ళకు వెళ్ళిపోయారు. నాయుడికి మాత్రం ఆ బండి ఎలా నడుస్తోందో తెలుసుకునేవరకు నిద్రపట్టలేదు.

బండి కొనాలంటే వందల రూపాయలు కావాలి. ఇంట్లో అడిగితే ఇచ్చేది కాదు. కలంగల్ విడిచి కోయంబత్తూరు చేరి ఒక హోటల్లో సర్వరుగా కుదిరారు. పళ్ళాలు తీస్తూ, కాఫీలు అందిస్తూ ఏళ్ళ తరబడి పైసా పైసా కూడబెట్టారు. ఆ డబ్బు పట్టుకుని వెళ్ళి తాను చూసిన దొర బండినే కొన్నారు.

కొత్తగా బండి వచ్చిన కుర్రవాడు ఎవరైనా ముందు వూరంతా తిరుగుతాడు. నాయుడు దాన్ని ముక్కముక్కలుగా విప్పి నేల మీద పరిచారు. పెట్రోలునూ గాలినీ కలిపే కార్బ్యురేటరు, నిప్పురవ్వ ఇచ్చే ప్లగ్గు, సిలిండరు లోపల పైకీ కిందికీ ఆడే పిస్టను ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని చూశారు. చెప్పేవారు లేరు. ఇంగ్లీషు పుస్తకం ఇచ్చినా చదివే చదువు లేదు. ఏ ముక్క తీస్తే బండి ఆగుతుంది, ఏది సరిగా బిగించకపోతే శబ్దం మారుతుంది అన్నది విప్పి, బిగించి, మళ్ళీ విప్పి తెలుసుకున్నారు. చివరకు ఆ బండిని ఎప్పటిలా నడిపించగలిగారు.

ఆయనకు అదే హైస్కూలు, అదే కాలేజీ. ప్రతి భాగం అక్కడ ఎందుకుంది, ఆ ఆకారంలోనే ఎందుకుంది అని ప్రశ్నించుకునే అలవాటు ఆ నేల మీదే పట్టుబడింది. యంత్రం రూపొందించే వాడికి ముందుగా కావలసింది ఆ ప్రశ్నే.

నష్టం తరువాత బస్సు

తరువాతి దారి సాఫీగా సాగలేదు. కొంతకాలం మెకానిక్కుగా పనిచేసి, తిరుప్పూరులో పత్తి జిన్నింగు వ్యాపారం పెట్టారు. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో పత్తికి గిరాకీ పెరిగి లాభాలు కళ్ళజూశారు. ఆ ధైర్యంతో బొంబాయి వెళ్ళి పత్తి వ్యాపారంలో పెద్దల సరసన దిగి, సంపాదించినదంతా పోగొట్టుకున్నారు. యంత్రాన్ని విప్పి చూసినట్టు బొంబాయి బజారును విప్పి చూడడం కుదరలేదు. వట్టి చేతులతో తిరిగివచ్చారు.

అప్పుడు కోయంబత్తూరులోని వ్యాపారి రాబర్ట్ స్టేన్స్ ఆయనకు ఆసరా ఇచ్చారు. ఆ సాయంతో 1920లో ఒక బస్సు సంపాదించి, పొళ్ళాచ్చి నుంచి పళనికి ప్రయాణికులను చేరవేయడం మొదలుపెట్టారు. డ్రైవరు నాయుడే, మెకానిక్కు నాయుడే. దారిలో బండి ఆగితే మరొకరి కోసం ఎదురుచూసే పని లేదు. ఒక్క బస్సు కొన్నేళ్ళలో పెద్ద సంస్థ అయింది. యునైటెడ్ మోటార్ సర్వీస్ పేరుతో, యు.ఎం.ఎస్. అన్న మూడక్షరాలతో ఆ బస్సులు కోయంబత్తూరు ప్రాంతమంతా తిరిగాయి. బస్సుల మరమ్మతు కోసం పెట్టుకున్న షెడ్డులే ఆయనకు ప్రయోగశాలలయ్యాయి.

కోయంబత్తూరు మోటారు

1932లో నీలగిరి కొండల్లో పైకారా జల విద్యుత్ కేంద్రం పనిచేయడం ప్రారంభించింది. కోయంబత్తూరు మిల్లులకూ, చుట్టుపక్కల వూళ్ళకూ కరెంటు వచ్చింది. కరెంటు వుంది గాని దానితో తిరిగే మోటారు మాత్రం విదేశాల నుంచి ఓడ మీద రావాలి. ఏ చిన్న భాగం పాడయినా మళ్ళీ అక్కడి నుంచే తెప్పించుకోవాలి.

నాయుడు ఈ అవసరాన్ని పట్టుకున్నారు. డి. బాలసుందరం నాయుడుతో కలిసి పీలమేడులో నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్స్ సంస్థలో మోటారు తయారీకి పూనుకున్నారు. 1937లో మోటారు తయారై తిరిగింది. భారతదేశంలో తయారైన మొదటి విద్యుత్ మోటారుగా దానికి పేరు వచ్చింది. బాలసుందరం తరువాత టెక్స్‌టూల్ సంస్థను స్థాపించారు. ఆ విధంగా ఒక షెడ్డులో నేర్చిన విద్య మరో షెడ్డుకు పాకి, కోయంబత్తూరు మోటార్లకూ పంపులకూ పెట్టింది పేరయింది.

నాయుడి బుర్ర ఒక్క మోటారుతో ఆగలేదు. బ్యాటరీతో నడిచే గడ్డం గీసుకునే యంత్రం, పలుచని బ్లేడ్లు, పండ్ల రసం తీసే యంత్రం, కిరసనాయిలుతో తిరిగే ఫ్యాను, దొంగ ఓట్లకు తావివ్వని ఓటు యంత్రం వంటివి ఎన్నో రూపొందించారు. అయిదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే తయారుచేసి ఇవ్వగలనని 1941లో ప్రకటించారు. పొలం మీదా ప్రయోగాలు చేసి, పత్తి మొక్కలను మనిషిని మించిన ఎత్తు పెంచారు.

ప్రిన్సిపాల్ పదవి వదులుకున్నారు

1944లో వ్యాపార బాధ్యతల నుంచి తప్పుకుని చదువు వైపు దృష్టి మళ్ళించారు. తాను బడిలో పడిన పాట్లు ఆయన మరిచిపోలేదు. యంత్రం మీద ఆశ వున్న పల్లె పిల్లవాడికి హోటల్లో పళ్ళాలు కడిగే అవస్థ లేకుండానే పని నేర్పే చోటు వుండాలన్నది ఆయన పట్టుదల. ఆయన కృషితో, విరాళాలతో కోయంబత్తూరులో పాలిటెక్నిక్కు, ఇంజనీరింగ్ కాలేజీ వెలిశాయి. అప్పటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరు వాటికి పెట్టారు. 1945లో నాయుడు ఆ కాలేజీకి ప్రిన్సిపాలయ్యారు.

అక్కడే ప్రభుత్వంతో పేచీ వచ్చింది. ఇంజనీరింగ్ చదువుకు నాలుగేళ్ళు అక్కరలేదు, పని చేయిస్తూ నేర్పితే రెండేళ్ళు చాలునని నాయుడు వాదించారు. ప్రభుత్వం ససేమిరా ఒప్పుకోలేదు. ఆయన పదవికి రాజీనామా ఇచ్చి బయటికి వచ్చారు.

ఈ వివాదంలో రెండు పక్షాల వాదనలోనూ కొంత న్యాయం వుంది. వంతెన కట్టేవాడికి, ఆనకట్ట లెక్క వేసేవాడికి గణితం తప్పితే ప్రాణాలు పోతాయి. ఆ లెక్క పట్టుబడడానికి కాలం కావాలి. కాని నాలుగేళ్ళలో విద్యార్థి చేతికి గ్రీజు అంటిన రోజులు ఎన్ని అన్న నాయుడి పక్షం ప్రశ్నకూ జవాబు చెప్పక తప్పదు. ఆయన స్వయంగా పుస్తకాలను తోసిపుచ్చిన మనిషి కాదు. చిన్నప్పుడు పోగొట్టుకున్న చదువును పెద్దయ్యాక సొంతంగా చదువుకున్నారు. యంత్రం ముందు, పుస్తకం వెనుక అన్నది ఆయన నడిచిన వరస.

ఆ ఇంజనీరింగ్ కాలేజీయే తరువాత వేరే స్థలానికి మారి, ప్రభుత్వ సాంకేతిక కళాశాలగా పేరు పొందింది.

రోడ్డెక్కని కారు

1952లో నాయుడు మరో సాహసం చేశారు. ఇద్దరు కూర్చునే చిన్న పెట్రోలు కారు తయారుచేశారు. దాని ధర 2,000 రూపాయలు. మధ్యతరగతి మనిషి కూడా ఆశపడగల వెల అది. అయితే తయారీకి ప్రభుత్వ లైసెన్సు దొరకలేదు. కారు ఫ్యాక్టరీ గడప దాటలేదు. చిన్నప్పుడు బడి గోడ అడ్డం వచ్చిన మనిషికి పెద్దయ్యాక కాగితం అడ్డం వచ్చింది.

ఆయన వెనక్కి తగ్గి మూల కూర్చోలేదు. యంత్రాలను పిల్లలూ పెద్దలూ దగ్గరగా చూడాలని 1967లో కోయంబత్తూరులో పారిశ్రామిక ప్రదర్శనశాల ఏర్పాటుచేశారు. 1974 జనవరి 4న తన 80 ఏళ్ళ వయసులో మరణించారు. 2025లో కోయంబత్తూరు అవినాశి రోడ్డు మీద ప్రారంభించిన సుమారు 10 కిలోమీటర్ల పొడవైన వంతెనకు ఆయన పేరు పెట్టారు.

పల్లె బడులకు ఈ కథ

హైస్కూలు పిల్లల చేత పరికరాలు తయారు చేయించాలన్న ఆలోచన ఈనాటి ప్రభుత్వాలకూ కలిగింది. 6 నుంచి 12వ తరగతి వరకు పిల్లలు స్వయంగా వస్తువులు రూపొందించేందుకు 2016 నుంచి కేంద్రం అటల్ టింకరింగ్ ల్యాబులను మంజూరు చేస్తోంది. ఒక్కో బడికి 20 లక్షల రూపాయల వరకు సాయం అందుతుంది. 2020 జాతీయ విద్యా విధానం పిల్లలు 6 నుంచి 8వ తరగతుల మధ్య ఎప్పుడైనా 10 రోజులు పుస్తకాల సంచీ లేకుండా వడ్రంగం, కరెంటు పని వంటివి నేర్చుకోవాలని సూచించింది.

ల్యాబు వచ్చిన బడిలో దాని తాళం తీసి పిల్లలను ముట్టుకోనివ్వాలి. సామాను పాడవుతుందని బీరువాలో దాచిపెడితే అది వున్నా లేనట్టే. ల్యాబు రాని వూళ్ళో కూడా చెడిపోయిన ఫ్యాను, మూలపడిన స్ప్రేయరు, పాత సైకిలు వుంటాయి. కరెంటు తీసేసి, ఉపాధ్యాయుడు దగ్గర వుండి, పిల్లల చేత విప్పించి మళ్ళీ బిగింపించవచ్చు. బిగించిన తరువాత ఒక మర మిగిలిపోతే అది ఎక్కడిదో వాళ్ళ చేతే వెతికించాలి.

మన వూళ్ళలో వైండింగు షాపు ముందు గంటల తరబడి నిలబడి చూసే కుర్రవాళ్ళు ఎప్పుడూ ఒకరిద్దరు వుంటారు. బడి ఎగ్గొట్టి వచ్చాడని వాణ్ణి తిట్టి పంపేముందు, వాడు ఏం చూస్తున్నాడో ఒకసారి అడగడం మంచిది. కలంగల్‌లో నాయుడిని ఆ మాట అడిగిన వారు లేరు.