మూసీ వరదను లెక్కగట్టిన మోక్షగుండం

1908 సెప్టెంబరు 28. మూసీనది హైదరాబాదు నగరంపై విరుచుకుపడిన రోజది. వంతెనలు మునిగాయి. వేలాది ఇండ్లు నేలమట్టమయ్యాయి. వేలాదిమంది నీటిపాలయ్యారు. అఫ్జల్‌గంజ్ వద్ద ఒక చింతచెట్టు కొమ్మలను ఆశ్రయించి సుమారు నూటయాభైమంది ప్రాణాలు దక్కించుకొన్నారని చెబుతారు. శోకం చల్లారకముందే నిజాం ప్రభుత్వానికి ఒక ప్రశ్న ఎదురైంది. ఇంతకంటె పెద్ద వరద రాదని ఎవరు హామీ ఇవ్వగలరు? నగరాన్ని కాపాడాలంటే ఎంతటి కట్టడం కావాలి?

ఆ ప్రశ్నకు సమాధానం వెదికే బాధ్యతను స్వీకరించినవాడు మోక్షగుండం విశ్వేశ్వరయ్య. ఆయన పూర్వులు గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం గ్రామస్థులు. మైసూరు రాజ్యానికి వలసపోయిన ఆ తెలుగు కుటుంబంలో, ముద్దేనహళ్ళిలో 1861 సెప్టెంబరు 15న ఆయన జన్మించాడు. బాల్యంలోనే తండ్రిని కోల్పోయి, పిల్లలకు పాఠాలు చెప్పుకొంటూ బెంగళూరులో చదివాడు. పూనాలో ఇంజనీరింగు పూర్తిచేసి, 1884లో బొంబాయి ప్రభుత్వ సేవలో చేరాడు. ఖడక్‌వాస్లా జలాశయానికి ఆయన రూపొందించిన స్వయంచాలక తలుపులు ఎంతో పేరు తెచ్చాయి. ఆ కొలువు వీడి విదేశ పర్యటనలో ఉండగా హైదరాబాదు నుండి పిలుపు వచ్చింది.

1909లో ఆయన పని ఆరంభించేనాటికి వరద ఎన్నడో వెళ్ళిపోయింది. మిగిలినవి దాని ఆనవాళ్ళు మాత్రమే. శంషాబాదు వర్షమాపకంలో 24 గంటలకు 12.8 అంగుళాలు, 48 గంటలకు 18.9 అంగుళాలు నమోదై ఉంది. కాని ఒక్క ఊరి కొలత 862 చదరపు మైళ్ళ పరీవాహక ప్రాంతానికంతటికీ సాక్ష్యమెట్లవుతుంది? ఒకచోట కుంభవృష్టి, పక్క ఊరిలో తుంపర మనకు తెలియనివి కావు. కనుక వాన లెక్క ఒక్కటే చాలదు. నదిలో నీరెక్కిన ఎత్తు, నది వెడల్పు, వాలు చూచి ప్రవాహాన్ని గణించే పద్ధతి ఉన్నది గాని, గట్లు దాటి పొర్లిన నీటి విషయంలో ఆ గణితమూ తడబడుతుంది. రెండింటినీ ఎదురెదురుగా నిలిపి, ఒకదాని లోపాన్ని మరొకదానితో సరిచూడవలసిందే. నగరం వద్ద వరద ఉద్ధృతి సెకనుకు 4,25,000 ఘనపుటడుగులని అంచనా తేలింది.

ఇక చెరువుల సంగతి. ఆ పరీవాహక ప్రాంతంలో 788 చెరువులుండగా 221 చెరువులు తెగిపోయాయి. గొలుసుకట్టు చెరువుల తీరు మన పుత్తూరు పరిసరాలవారికి వేరే చెప్పనక్కరలేదు. మీది చెరువు మరవ పారితే కింది చెరువుకు కళ. కట్ట తెగితే కిందివానికి కాళరాత్రి. 2021 నవంబరులో తిరుపతి సమీపాన రాయలచెరువు కట్ట కారినప్పుడు దిగువ గ్రామాలు ఎంత తల్లడిల్లాయో చూచినవారు మనలోనే ఉన్నారు. మూసీ వరద ఆకాశం నుండి మాత్రమే రాలేదన్నమాట.

ఒక్క వరదను కొలిచి మరుసటి వరదకు కొలబద్దగా పెట్టుకొంటే ప్రమాదం. అందువల్ల పొరుగు ప్రాంతాల వర్షపాత వివరాలనూ ఆయన తెప్పించి పరిశీలించాడు. ఆ లెక్క తక్కువైతే మరల జనక్షయం, ఎక్కువైతే ఖజానాకు భారం. మధ్యేమార్గంగా ఆయన సూచించినది నగరానికి ఎగువన, మూసీపై ఒకటి, ఈసీపై ఒకటి, రెండు జలాశయాలు. వరదను కొంతకాలం నిలువరించి, నది మోయగలిగినంతే దిగువకు వదలడం వాటి పని.

కొలతను, గణితాన్ని జోడించే ఈ విద్యే నేడు కంప్యూటర్ల చేతికి వచ్చింది. మన పాకాల దాపునున్న గాదంకి రాడారు గాలి వేగాన్ని కొలుస్తుంది. అటువంటి కొలతలను యంత్రం గణించిన గాలి ప్రవాహంతో కలిపేటప్పుడు, దేనిలో ఎంత పొరపాటుండవచ్చునో సాంఖ్యకశాస్త్రంతో తూచి, ఆ మేరకే విలువనిస్తారు. విశ్వేశ్వరయ్యకు ఆ సాధనాలు లేవు. అనుభవమే ఆయన తక్కెడ.

1909లోనే ఆయన మైసూరు ఛీఫ్ ఇంజనీరుగా వెళ్ళిపోయాడు. అటుపై దివాన్ పదవి, కృష్ణరాజసాగరం, 1955లో భారతరత్న సుప్రసిద్ధాలే. తిరుమల కనుమదారి యోచనలోనూ ఆయనకు పాలున్నదని మన ప్రాంతపు పెద్దలు చెప్పుకొంటారు. 1962లో, నూరేండ్లు నిండిన పిమ్మట కన్నుమూశాడు. ఆయన కాగితం మీద చూపిన జలాశయాలను ఇతరులు కట్టారు. ఉస్మాన్‌సాగర్ 1920లోను, హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తయ్యాయి. 2020 అక్టోబరులో హైదరాబాదును భారీవర్షాలు ముంచెత్తినప్పుడు, హిమాయత్‌సాగర్ తలుపులు ఎత్తి నీటిని కొలతప్రకారం మూసీలోకి వదిలారు.