ఎడమ కాలికీ పాఠం చెప్పిన రహీమ్ సాబ్
నియమాలు మార్చి నైపుణ్యాలు నేర్పిన హైదరాబాదీ ఫుట్‌బాల్ గురువు

చిల్కానగర్: ఉప్పల్ పేరు చెబితే క్రికెట్ స్టేడియం గుర్తుకు వస్తుంది. అయితే భారత ఫుట్‌బాల్ జట్టును ఆసియా విజేతగా రెండుసార్లు నిలిపిన శిక్షకుడు హైదరాబాద్ వాసే. ఆయన మెరికగా తీర్చిన తులసీదాస్ బలరామ్ ఊరు అమ్ముగూడ మన మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోనిదే. ఆ శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీమ్. ఖరీదైన పరికరాలేవీ లేకుండా, ఆట నియమాలను కొద్దిగా మార్చి ఆయన నేర్పిన నైపుణ్యాలు చిన్న మైదానాల్లో సాధన చేసే బాలలకు ఈనాటికీ ఉపయుక్తం.

బడి పంతులుగా మొదలై...
రహీమ్ 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, వ్యాయామ విద్యలో శిక్షణ పొంది, నగరంలోని పాఠశాలల్లో ఉపాధ్యాయునిగా పనిచేశారు. 1940ల ఆరంభంలో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి బాధ్యతలు స్వీకరించారు. 1950లో సిటీ పోలీస్ జట్టుకు శిక్షకుడయ్యారు. ఆ ఏడాది నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు ఆ జట్టు బొంబాయిలో రోవర్స్ కప్‌ను గెలుచుకుంది. అదే కాలంలో ఆయన భారత జట్టుకూ శిక్షకునిగా వ్యవహరించారు. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల ఫైనల్లో భారత్ 1-0తో ఇరాన్‌ను ఓడించి స్వర్ణం సాధించింది.

హెల్సింకి దెబ్బ
మరుసటి ఏడాదే ఎదురుదెబ్బ తగిలింది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో భారత్ 1-10తో యుగోస్లావియా చేతిలో చిత్తయింది. మన క్రీడాకారుల్లో పలువురు చలిలో వట్టికాళ్లతో ఆడారు. తర్వాత బూట్లు తప్పనిసరి అయ్యాయి. వట్టికాలితో బంతిని తాకే తీరు వేరు, బూటుతో అదుపు చేసే తీరు వేరు. బంతిని తాకడం, అందించడం, పరుగెత్తడం అన్నింటినీ మళ్లీ అలవాటు చేయవలసి వచ్చింది.

నియమమే గురువు
రహీమ్ ఒక్కో నైపుణ్యాన్ని విడదీసి, దానికి తగిన పోటీని రూపొందించేవారు. బాలల కోసం డ్రిబ్లింగ్ నిషేధించిన టోర్నమెంట్లు నిర్వహించారు. బంతిని కాళ్ల మధ్య ఆడిస్తూ ముందుకు వెళ్లే వీలు లేనప్పుడు అందుకున్న వెంటనే సహచరునికి ఇవ్వక తప్పదు. ఇవ్వాలంటే బంతి రాకముందే చుట్టూ చూసి ఉండాలి. బంతి లేనివారు ఖాళీ చోటుకు కదలాలి. ఈ విధంగా పాసింగ్, చూపు, స్థానం ఎంచుకోవడం అనే మూడు నైపుణ్యాలు ఒకే ఆటలో అబ్బేవి.

బలహీనమైన కాలితో మాత్రమే ఆడవలసిన పోటీలు మరో ప్రయోగం. కుడికాలి వాటం గలవారు ఎడమకాలితోనే తన్నాలి. ఒకే కాలిపై ఆధారపడితే బంతిని ఆ వైపుకు మళ్లించుకోవడానికి సమయం పడుతుంది, అంతలో ప్రత్యర్థి మీదికి వస్తాడు. రెండు కాళ్లూ పనిచేస్తే ఆ జాప్యం ఉండదు.

అమ్ముగూడ నుంచి ఒలింపిక్స్‌కు
పేద కుటుంబంలో పుట్టిన బలరామ్‌కు అమ్ముగూడ నుంచి హైదరాబాద్ మైదానానికి రావడమే కష్టమైంది. అద్దె సైకిలుకు రహీమ్ డబ్బులిచ్చి సాధన ఆగకుండా చూశారు. ఆ యువకుడు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ జట్టులో చోటు సంపాదించాడు. అక్కడ భారత్ 4-2తో ఆస్ట్రేలియాను ఓడించి, చివరకు నాలుగో స్థానంలో నిలిచింది. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ, పెరూలపై బలరామ్ గోల్స్ చేశాడు.

జకార్తాలో పతాక ఘట్టం
1962 జకార్తా ఆసియా క్రీడల్లో తొలి మ్యాచ్‌లోనే భారత్ 0-2తో దక్షిణ కొరియా చేతిలో ఓడింది. తర్వాత థాయిలాండ్‌తో ఆడుతుండగా డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. రహీమ్ ఆయనను పక్కన పెట్టలేదు. సెమీఫైనల్, ఫైనల్లో ముందు వరుసలో ఆడించారు. సెప్టెంబరు 4న జరిగిన ఫైనల్లో పి.కె.బెనర్జీ, జర్నైల్ చెరో గోల్ చేయగా భారత్ 2-1తో అదే కొరియాపై గెలిచింది. ప్రేక్షకులు భారత్‌కు ప్రతికూలంగా కేకలు వేస్తున్న మైదానంలో సాధించిన విజయమిది.

ఏడాది తిరగకుండానే, 1963 జూన్ 11న రహీమ్ క్యాన్సర్‌తో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు 53 ఏళ్లు. ఆ తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు మళ్లీ స్వర్ణం దక్కలేదు. 1970లో లభించిన కాంస్యమే చివరి పతకం. ఆయన జీవితం ఆధారంగా నిర్మించిన మైదాన్ చిత్రం 2024లో విడుదలైంది. బలరామ్ 2023లో మరణించారు.

చిల్కానగర్, నాచారం బాలలకు పెద్ద మైదానం దొరకకపోవచ్చు. అయినా ఒక గోడ, ఒక బంతి ఉంటే ఎడమకాలితో తన్ని, తిరిగివచ్చిన బంతిని ఒకే తాకుతో పంపే సాధన సాధ్యమే. నలుగురు చేరితే డ్రిబ్లింగ్ లేని ఆటా ఆడవచ్చు. రహీమ్ సాబ్ పాఠాలకు అంతకు మించిన సరంజామా అక్కరలేదు.